గుడ్డకు తెచ్చిన పాలు

మే ఇరవై ఆరు. ఆ మధ్యాహ్నం కృష్ణప్రియ దొండకాయ వేపుడుతో నాలుగు ముద్దలు తిని, మామగారిచ్చిన గ్లాసెడు పాలు తాగింది. పెడనలోని కలంకారీ షెడ్డులో గుడ్డను పాలలో ముంచిన ప్రతిసారీ ఆ మామగారు శోభనాద్రికి ఆ తేదీయే గుర్తొస్తుంది.

ఈ రోజూ ముంచుతున్నాడు. రంగు పక్కకు పాకకుండా గుడ్డకు గేదెపాలు పట్టించడం ముప్పై ఏళ్ళుగా అతని పని. కాచిన పాలు పనికిరావు. మీగడ తరకలు అంటుకుని మరకలు పడతాయి. అందుకే పచ్చిపాలు తెప్పిస్తారు. గుడ్డను మడతమడతగా దించి, పిండి, మళ్ళీ దించాడు. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నానిపోయింది.

“ఏం బావగారూ, గుడ్డకి పాలు పడుతున్నారా, జోలపాడి పడుకోబెడుతున్నారా? అవతల ఎండ పోతోంది,” అంది అద్దకం అచ్చులు కడుగుతున్న రాజ్యలక్ష్మి. అన్నాక నాలుక కరుచుకుంది.

శోభనాద్రి గుడ్డ పిండి పక్కన పెట్టాడు. గుడ్డకు పోగా మిగిలిన పాలు పనివాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళడం అక్కడ మామూలే. ఈ వేళ వంతు అతనిది.

“నువ్వే పట్టుకెళ్ళు,” అన్నాడు. “పొంగేదాకా కాచుకో తల్లీ.”

ఆ మే నెలలో కోడలు కృష్ణప్రియకు ఆరో నెల. ఎండకు ఒళ్ళు మండిపోతోందంటే, షెడ్డు నుంచి తెచ్చిన పచ్చిపాలలోనే పటికబెల్లం కలిపి ఇచ్చాడు. కాస్తే చలవ పోతుందని అతని నమ్మకం. పోయిన భార్య సుబ్బులమ్మకూ కడుపుతో ఉన్నప్పుడు అలాగే ఇచ్చాడు. ఏమీ కాలేదు.

“కాచారా మావయ్యా?” అని అడిగింది కృష్ణప్రియ.

“ఆఁ, కాచి చల్లార్చానమ్మా.”

నాలుగు రోజులు అదే మాట చెప్పాడు.

మూడు వారాలకు ఆమెకు జ్వరం వచ్చింది. బందరు ఆస్పత్రిలో బిడ్డ గుండె ఆగిపోయిందన్నారు. రక్తపరీక్ష కాగితం వచ్చాక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది.

“లిస్టీరియా అనే బాక్టీరియా అమ్మా ఇది. పచ్చిపాలల్లో, నిలవ తిండిలో ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినా పెరుగుతుంది, బాగా కాస్తేనే చస్తుంది. మామూలు మనిషికి రెండ్రోజుల జ్వరంతో తగ్గిపోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళకైతే బిడ్డదాకా వెళ్తుంది. పచ్చిపాలేమైనా తాగావా?”

“లేదండీ. మావయ్య కాచే ఇచ్చారు.”

గోడవారన నిలబడ్డ శోభనాద్రి తన చెప్పులవైపు చూస్తూ ఊరుకున్నాడు.

ఈ రోజు సాయంత్రం శోభనాద్రి షెడ్డు నుంచి ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు ఆటో ఉంది. కృష్ణప్రియ నాగాయలంకలోని పుట్టింటికి వెళ్తోంది. కొడుకు వీరేంద్ర సంచులు సర్దుతున్నాడు.

“అక్కడైనా నోరు కట్టుకో. గుడివాడ పెళ్ళిలో ఆ ఫ్రూట్ సలాడ్ వద్దంటే విన్నావా?” అంటున్నాడు భార్యతో. బిడ్డ పోయింది ఆ నిలవ తిండి వల్లేనని అతని అనుమానం.

“నాదే తప్పు లెండి,” అందామె, తల వంచుకుని. ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అందో.

“ఆ పిల్లనేం అనకురా,” అన్నాడు శోభనాద్రి. “పాలు నేను కాచలేదు. కాచానని అబద్ధమాడాను.”

వీరేంద్ర చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. “డాక్టరమ్మ అడిగినప్పుడైనా... నాన్నా...” అంటూ దాన్ని ఆటోలోకి తోశాడు.

కృష్ణప్రియ మామగారి వైపు తిరిగింది. “ఆయన నన్ను అంటుంటే ఇన్నాళ్ళూ వింటూ కూర్చున్నారా మావయ్యా?”

“సిగ్గేసిందమ్మా.”

ఆమె ఆటో ఎక్కింది. వెళ్ళొస్తానని అనలేదు. వీరేంద్ర పక్కన కూర్చున్నాడు. ఆటో పది గజాలు కదిలి ఆగింది. కృష్ణప్రియ తల బయటికి పెట్టింది.

“దండెం మీద నా తువ్వాలు మర్చిపోయాను. వానొచ్చేలా ఉంది, తీసి లోపలెయ్యండి.”

“ఉండు, నేను తెస్తా,” అని వీరేంద్ర దిగబోయాడు.

“వద్దు, అది ఇంట్లోనే ఉండనివ్వండి, వచ్చాక తీసుకుంటాను,” అంది.

ఆటో మలుపు తిరిగేదాకా శోభనాద్రి వీధిలోనే నిలబడ్డాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, తువ్వాలు తీశాడు. తొలి చినుకులు పడుతుండగా లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసి గడియ పెట్టాడు. కుర్చీ వీపున ఆరేసిన ఆ నీలం తువ్వాలు అంచు ఇంకా తడిగానే ఉంది.