కుడిచేతి షుగరు

గరిటె అంచున ఆగిన చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, వేళ్ళను మెల్లగా విడదీశాడు పాకం మామయ్య. సన్నటి తీగ సాగింది. కిటికీ వెలుగులో కాస్త మెరిసి తెగిపోయింది. "ఇంకా లేతే" అని ఎవరితోనూ కాకుండా అనుకుని, వేళ్ళను నడుముకు కట్టుకున్న పొడిగుడ్డకు తుడుచుకుని మళ్ళీ గరిటె అందుకున్నాడు.

అది పిప్పరమెంటు బిళ్ళలు చేసే చిన్న కార్ఖానా. పొడవాటి గది, రేకుల కప్పు, మూలన గ్యాసు పొయ్యి, దాని మీద పెద్ద రాగి బాణలి, పక్కన నున్నటి రాతిబల్ల. ముదిరిన పాకాన్ని ఆ బల్ల మీద పోసి, చల్లారుతుండగా మడిచి, సాగదీసి, మిషను మీద ముక్కలు కోస్తారు. గది రెండో కొసన, కోసిన బిళ్ళలకు రంగు కాగితాలు చుట్టే ఆవిడ కూర్చుంటుంది. ఆవిడను అందరూ కాగితాలక్క అంటారు. చుట్టేటప్పుడు ఆవిడ చేతులు ఎంత వేగంగా ఆడతాయో నోరూ అంత వేగంగానే ఆడుతుంది.

పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి ఆ పూట ఆఖరి వాయి దించేదాకా పాకం పట్టేవాడు కుడిచెయ్యి తడుపుకోడు. ఒక్క నీటిబొట్టు పడినా చాలు, కాగే పాకం ఎగిరి మొహాన చిందుతుంది. పని నేర్పిన గురువు ఈ మాట చెప్పి నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేశాడు. మాట మరిచిపోయినా మొట్టికాయ గుర్తుంటుందని ఆయన నమ్మకం. రెండూ గుర్తున్నాయి. అందుకే మామయ్య పనివేళ మంచినీళ్ళు కూడా ఎడంచేత్తోనే తాగుతాడు.

ఆ నీళ్ళే ఆయన జబ్బు సంగతి బయటపెట్టాల్సింది. ఏడాదిగా బిందెలు బిందెలు తాగుతున్నాడు. పొయ్యి దగ్గర నిలబడేవాడికి దాహం కాక మరేముంటుంది అనుకున్నారంతా. చిక్కిపోతే వయసు అనుకున్నారు. రాత్రిళ్ళు మాటిమాటికీ లేస్తుంటే, అన్ని నీళ్ళు తాగినవాడు లేవక ఏం చేస్తాడని భార్యే సమర్థించింది. ఇలా ప్రతిదానికీ ఒక మంచి కారణం దొరకడంతో షుగరు ఆయన ఒంట్లో దర్జాగా కాపురం పెట్టింది. చివరికి కళ్ళు మసకలేస్తున్నాయని వీధి చివరి ఆస్పత్రికి వెళ్తే, కళ్ళ సంగతి తర్వాత, ముందు రక్తం చూద్దామన్నారు.

అప్పటినుంచి మాత్రలు వేసుకుంటున్నాడు. కూతురు కొనిచ్చిన, షుగరు చూసుకునే చిన్న మిషను ఒకటి చేరింది. మనిషికి మందుల మీద కంటే ఆ మిషను మీదే మనసు పడింది. వేలు గుచ్చుకోవడం, చుక్కను పట్టీకి అంటించడం, అంకె వచ్చేదాకా ఊపిరి బిగబట్టడం. ఇన్నేళ్ళుగా వేళ్ళతో పాకం చూసినవాడికి, ఇప్పుడు ఒక యంత్రం తన వేలినే పట్టి చూడటం తమాషాగా ఉంది.

తమాషా అంతటితో ఆగితే బాగుండేది. పొద్దున్నే స్నానం చేసి ఇంట్లో చూసుకుంటే అంకె బుద్ధిగా ఉంటుంది. మధ్యాహ్నం కార్ఖానాలో, భోజనానికి ముందు చూసుకుంటే మూడొందలు దాటుతుంది. మధ్యలో ఆయన పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు.

"ఏమండీ, నాకు తెలీకుండా ఆ బిళ్ళలు నోట్లో వేసుకుంటున్నారా?" అని ఆ పొద్దున కూడా అడిగింది భార్య.

"నీ మీద ఒట్టు. నాకసలు తీపే గిట్టదని తెలీదూ?"

"నా మీద ఒట్టెందుకు? మీ మీదే వేసుకోండి."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. బిళ్ళల కార్ఖానాలో పనిచేసే షుగరు రోగిని ఎవరు నమ్ముతారు? మామయ్య మాత్రం కారణం వెతుకుతూనే ఉన్నాడు. పాకం ఆవిరి ముక్కులోంచి ఒంట్లోకి పోతోందేమోనని రెండు రోజులు మూతికి గుడ్డ కట్టుకున్నాడు. ఊపిరాడలేదు గానీ అంకె తగ్గలేదు. కూర్చుని చూశాడు, నిలబడి చూశాడు, చూసే ముందు పుక్కిలించి చూశాడు. అంకె మొండికేసింది.

డాక్టరుగారు తేల్చి చెప్పారు. ఈ వారం కూడా మధ్యాహ్నం లెక్క ఇలాగే ఉంటే ఇన్సులిన్ సూది మొదలుపెట్టాలి, పొయ్యి దగ్గర పని మానాలి. ఆ మాట కార్ఖానా యజమాని చెవిన పడింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. సలసల కాగే బాణలి పక్కన కళ్ళు తిరిగే మనిషిని నిలబెట్టడానికి ఎవరికైనా గుండె ఉండాలి కదా. ఇవాళ దగ్గరుండి చూస్తానన్నాడు. బాణలి దగ్గర తన చోటు ఉంటుందో పోతుందో ఈ పూటతో తేలిపోతుందని మామయ్యకు తెలుసు. ఆ చోటు తప్ప తనకు వచ్చిందీ తను మెచ్చిందీ ఏదీ లేదనీ తెలుసు. అందుకే పొద్దుటి నుంచి ప్రతి తీగనూ అవసరమైనదానికంటే ఒకసారి ఎక్కువ లాగి చూసుకున్నాడు.

మధ్యాహ్నం వాయి దించి, వేళ్ళు గుడ్డకు తుడుచుకుని, బోర్లించిన డబ్బా మీద కూర్చుని మిషను తీశాడు. కుడిచేతి చూపుడువేలు గుచ్చాడు. నెత్తురైనా సరే, ఇచ్చేదేదో కుడిచేత్తోనే ఇవ్వాలని ఆయన పట్టుదల. యజమాని వంగి చూశాడు. మూడొందల పన్నెండు.

"ఇంక నా చేతుల్లో ఏముంది మామయ్యా?" అన్నాడు యజమాని నిజంగానే బాధపడుతూ. "రేపట్నుంచి కాగితాల బల్ల దగ్గర కూర్చో. నువ్వు బాణలిలో పడితే మీ ఆవిడకి నేనేం మొహం చూపించను?"

మామయ్య వేలి మీది నెత్తురు తుడుచుకోబోతే, చూపుడువేలు బొటనవేలికి అంటుకుని వదల్లేదు. విడదీశాడు. మళ్ళీ కలిపి మళ్ళీ విడదీశాడు.

"ఒక్కసారి ఎడంచెయ్యి కూడా చూడనివ్వండి సారూ."

"అది మాత్రం నీ చెయ్యి కాదా?"

"నాదేననుకోండి. ఊరికే."

నూట ముప్ఫై ఎనిమిది వచ్చింది. ఇద్దరూ మిషను వంక చూశారు. మిషను ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

"ఒక మనిషికి ఇద్దరు పెళ్ళాలుంటారని విన్నా గానీ, రెండు షుగర్లుంటాయని ఇప్పుడే వింటున్నా" అంది కాగితాలక్క, బల్ల దగ్గర్నుంచి లేచి వస్తూ. "ఏదీ, నాది చూడు." ఆవిడకి ఏ జబ్బూ లేదు. పట్టీ మార్చి వేలు గుచ్చితే రెండొందల నలభై వచ్చింది. ఆవిడ అక్కడే చతికిలబడి, ఇంకా పెళ్ళి కావాల్సిన కొడుకును తల్చుకుని శోకాలు మొదలుపెట్టింది.

యజమాని నవ్వుతూ తన వేలు చాపాడు. చాపేముందు ఆయన చేతిలో విరిగిన బిళ్ళ ముక్క ఉంది. నాలుగొందలకు కాస్త తక్కువగా వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మామయ్య లేచి డబ్బా ఆయనకిచ్చాడు. ఆయన దాని మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు.

ముగ్గురూ కలిసి ఆస్పత్రికి నడిచారు. నర్సమ్మ ముగ్గురి గోడూ విని ఒక్కటే ప్రశ్న వేసింది.

"చేతులు కడుక్కునే చూసుకున్నారా?"

ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. సబ్బు పెట్టి కడిగించి, తుడిపించి, మళ్ళీ గుచ్చింది. యజమానికీ కాగితాలక్కకీ వందకు అటూ ఇటూ వచ్చింది. మామయ్య కుడిచేతికి నూట నలభై.

నర్సమ్మ నవ్వాపుకోలేకపోయింది. "నెత్తుట్లో ఉన్న చక్కెరో, వేలికంటిన చక్కెరో దానికేం తెలుసు పాపం? రెండూ కలిపి చెప్పేసింది." తర్వాత నవ్వు మానేసింది. "ఆ మూడొందలు నమ్మి సూది వేసుంటే, షుగరు అడుగంటిపోయి నిజంగానే బాణలిలో పడేవారు పెద్దాయనా."

ఇన్నాళ్ళూ తన వెంట పడి తరిమిన అంకె తన వేలి కొసనే ఉందా! మామయ్యకు భయం కంటే వింతే ఎక్కువైంది. కుడిచెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గురువు మొట్టికాయ ఇంత దూరం వచ్చిందన్నమాట.

"జబ్బు లేదనుకోకండి. మాత్రలు మానొద్దు" అంది నర్సమ్మ. "నేనంత గట్టిగా గుచ్చినా మీరు ఉలకలేదు."

"కాయలు కాసిన చేతులమ్మా. వేడికి అలవాటు పడ్డాయి."

"చేతులు సరే. రేపొచ్చి పాదాలు చూపించండి."

"పాదాలేం చేశాయమ్మా? అవేమైనా పంచదార తిన్నాయా?"

"తినవు. శిక్ష మాత్రం ముందు వాటికే పడుతుంది."

రేపు తప్పకుండా వస్తానన్నాడు. వద్దామనే అనుకున్నాడు కూడా. కార్ఖానాకు తిరిగొచ్చాక యజమాని ఏమీ అనకుండా గరిటె తీసి చేతికిచ్చాడు. ఆ గరిటె అందుకున్నప్పుడు మామయ్యకు కళ్ళు చెమ్మగిల్లాయి. పొయ్యి పొగ అని ఎవరికీ చెప్పుకోలేదు, గ్యాసు పొయ్యికి పొగెక్కడిది? ఆ పూట పట్టిన పాకం రాయిలా ముదిరి, కోస్తే అద్దంలా మెరిసింది.

వాయి ముగిసింది. సబ్బుతో చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ కాగితాలక్కకు చూపించి, "చూసుకో, రెండూ ఒకటే ఇప్పుడు" అన్నాడు. ఇంటికెళ్ళి భార్యకు ఈ కథ ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచించుకుంటూ గుమ్మం దాటాడు. ఎండ ఇంకా దిగలేదు. వీధిలో సిమెంటు తెల్లగా మండుతోంది.

రెండో అడుగులోనే ఎడమకాలి చెప్పు జారిపోయి గుమ్మం ముందు ఉండిపోయింది. ఆయన ఆగలేదు. కాగితాలక్క కేకేసింది గానీ, ముక్కలు కోసే మిషను రొదలో ఆ కేక ఆవిడకే వినపడలేదు. చెప్పు ఇద్దామని వట్టి కాళ్ళతో బయటికి ఉరికి, అంతలోనే "అమ్మో" అని ఎగిరి మళ్ళీ నీడలో పడింది. అరికాలు చుర్రుమంది. తల ఎత్తి చూస్తే, ఆయన అదే సిమెంటు మీద ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, ఏ తొందరా లేకుండా నడుస్తున్నాడు. మధ్యలో ఒకచోట నిలబడి, కుడిచెయ్యి ఎత్తి మళ్ళీ చూసుకుని, తనలో తను నవ్వుకుని మలుపు తిరిగాడు.

పాదాలు చూపించమన్న నర్సమ్మ మాట కాగితాలక్కకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రాత్రి అరికాలి బొబ్బలు చూసింది భార్య, ఆయన కాదు. అవి పుండ్లయ్యాయి. మానలేదు. కొన్నాళ్ళకు పెద్దాస్పత్రిలో ఎడమకాలి వేళ్ళు తీసేశారని కబురొచ్చింది. మనిషి బాగానే ఉన్నాడట, షుగరు కూడా అదుపులోకి వచ్చిందట, ఎక్కువసేపు నిలబడలేడట. బాణలి దగ్గరికి ఇంకొకరు వచ్చారు.

కాగితాలక్క ఆ చెప్పును పారేయలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనించి పెట్టింది, పాతబడి అరిగిన ఎడమకాలి చెప్పు, అట్ట మీద ఐదు వేళ్ళూ నల్లగా, లోతుగా దిగి ఉన్నాయి.