బాదంగింజంత కోపం

మా అక్క కాలేజీలో సైకాలజీ చెబుతుంది. ఇంట్లోనూ మానదు. పాఠానికి వాడే నీ ప్లాస్టిక్ మెదడు బొమ్మను నా బల్ల మీద పెట్టకు మొర్రో అని ఓ సాయంత్రం కోపంగా మొత్తుకున్నాను.

"నీకొచ్చింది కోపం కాదే. మెదడులో అమిగ్డాలా అని బాదంగింజంత ముక్క ఉంటుంది. అదే రసాయనాలు ఎగదోస్తోంది," అంది నవ్వుతూ.

ఒళ్లు మండి, బొమ్మలోంచి ఆ ముక్క ఊడబెరికి దాచేశాను.

పొద్దున్నే అక్క ఇల్లు పీకి పందిరేసింది. "క్లాసుకు టైమైపోతోంది! ఆ ముక్కేదే?"

"రసాయనాలేలే అక్కా, కాసేపట్లో దిగిపోతాయి."

"నోర్ముయ్! నాకు నిజంగానే కోపమొచ్చింది!"

ముక్క తీసి చేతిలో పెట్టాను. "నిన్న నాకూ నిజంగానే వచ్చింది."

అక్క ముక్కనూ బొమ్మనూ పట్టుకుని క్లాసుకు పరిగెత్తింది.

సాయంత్రానికి మెదడు మళ్లీ నా బల్ల మీదే ఉంది. ఆ ముక్కను మాత్రం అక్క తన బ్యాగులో భద్రంగా దాచుకుంది.