వెనకాల వచ్చే చేతులు

హోటల్లో అంట్లు తోమే ఆమె నాలుగింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసేది. చేతులు మాత్రం అక్కడే ఉండిపోయేవి. మిగిలిన గిన్నెలన్నీ కడిగి, తుడిచి, బోర్లించి, దీపాలు పెట్టే వేళకి అవి ఇల్లు చేరేవి. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు.

తలుపు అత్తగారే తీసేది. "వచ్చాయమ్మా నీ చేతులు. బాగా నానిపోయాయి, కాస్త నూనె రాసుకో."

అవి వచ్చేదాకా టీ గ్లాసు కూడా ఆవిడే నోటికి అందించేది. చంటిపిల్ల ఎత్తుకోమని ఏడిస్తే, ఆమె పిల్ల పక్కన కూర్చుని పాటలు పాడేది. అంతకుమించి ఏం చెయ్యగలదు?

ఓనరు జీతం నాలుగింటిదాకానే కట్టేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"నువ్వు ఇంటికెళ్ళిపోతున్నావుగా. చేతులకి వేరే జీతమా?" అన్నాడు.

అసలే అంతంతమాత్రం జీతం. ఆ సాయంత్రాలు కూడా కలుపుకుంటే ప్రభుత్వం పెట్టిన కనీస వేతనానికి ఎక్కడో కింద తేలేది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఓ సాయంత్రం కార్మిక శాఖ నుంచి ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చింది. "ఈ టైంలో లోపల ఎవరూ ఉండరండీ," అన్నాడు ఓనరు. లోపల గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంది. ఆవిడ వెళ్ళి చూస్తే, రెండు చేతులు మాడిన మూకుడు తోముతున్నాయి. ఆవిడ స్టూలు లాక్కుని పనయ్యేదాకా కూర్చుంది. తర్వాత వాటి వెనకే నడుచుకుంటూ వాళ్ళింటికొచ్చింది.

చేతులు మణికట్లకి అతుక్కున్నాక అడిగింది. "రోజూ ఇంతేనా?"

అత్తగారు అడ్డొచ్చింది. "మాకేం ఇబ్బంది లేదండీ. ఉన్న పని కాస్తా పోతే ఏం తిని బతకాలి?"

"ఫిర్యాదు చేసిందని పనిలోంచి తీసెయ్యడానికి లేదమ్మా. తీసేస్తే అదీ నేను చూసుకుంటాను. కానీ ఈమె నోటితో చెప్పాలి."

ఆమె పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. భయం లేకపోలేదు. పిల్ల తన మెడ చుట్టూ చేతులు వేసి నిద్రపోయాక మెల్లగా అంది. "రోజూ ఇంతేనండీ. నేనొచ్చేస్తాను, పని ఆగదు. రాసుకోండి."

అత్తగారు నిట్టూర్చి, ఆఫీసరమ్మకి కుర్చీ వేసింది.

నెల తిరక్కుండా ఓనరు బకాయిలన్నీ కట్టాడు, మొహం మాడ్చుకునే కట్టాడు. ఆమెకే కాదు, వంటాయనకీ, బల్లలు తుడిచే అతనికీ కూడా. సాయంత్రం గిన్నెలకి పూర్తి జీతం మీద ఇంకో మనిషిని పెట్టుకున్నాడు.

కొత్త మనిషి చేరిన రోజు నాలుగింటికి ఆమె బయల్దేరితే చేతులు కూడా వచ్చాయి.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు ఎగాదిగా చూసింది. "ఏంటే, చేతులూపుకుంటూ వచ్చేశావు?"

"అవునత్తయ్యా," అంది ఆమె. "దారంతా ఊపుకుంటూనే వచ్చా."