నా నాలుక వంచిన రోజు

నేను ఒక కారు బ్రేకు ప్యాడ్‌ని. నాకున్న పెద్ద భయం ఒక్కటే: బండి నిండా పిల్లలున్నప్పుడు, ఆపమంటే నేను ఆపలేకపోతానేమోనని. నాకు వేరే పని లేదు. పుట్టిందే అందుకు.

నన్ను చూసినవాళ్లు తక్కువ. అరచేతిలో ఇమిడే ఇనుప పలక, దాని మీద నల్లటి గట్టి ముద్ద, అంతే నేను. ముందు చక్రం లోపల తిరిగే ఇనుప పళ్లేన్ని నేనూ నా జతా రెండు వైపుల నుంచి గట్టిగా పట్టుకుంటే బండి ఆగుతుంది. పట్టుకున్న ప్రతిసారీ కాస్త అరుగుతాం. ఫ్యాక్టరీలో నన్ను వేడి అచ్చులో పెట్టి నొక్కారు, కాల్చారు, చివర్లో ఒక పక్కన సన్నటి రేకు ముక్క బిగించారు. అది నా నాలుక. నేను బాగా అరిగిన నాడు ఆ రేకు పళ్లేనికి తగిలి కీచుమంటుంది. ఇక నన్ను మార్చండి అని చెప్పడానికి నాకిచ్చిన నోరు అదొక్కటే.

రాణీగంజ్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో అట్టపెట్టెలో చాన్నాళ్లు పడుకున్నాను. మెహిదీపట్నంలో షెడ్డు నడిపే మెకానిక్ సత్తన్న నన్ను కొని తెచ్చి శ్రీశైలం కారుకు వేశాడు. శ్రీశైలం పొద్దున, సాయంత్రం బడిపిల్లల్ని తిప్పుతాడు. అతని భార్య రజిత, ఏడాది నిండని బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటుంది. పిల్లల్ని చెయ్యి పట్టుకుని గేటు దాకా దింపి రావడం ఆమె పని.

ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగాక తెచ్చి చూపించమని సత్తన్న చెప్పాడు. శ్రీశైలం ఆ మాట మరిచిపోలేదు, మీటరు చూసుకుంటూనే ఉన్నాడు. కానీ మీటరుకు బండి కదిలితేనే లెక్క. సిగ్నల్ దగ్గర జానెడు కదిలి ఆగి, మళ్లీ జానెడు కదిలి ఆగే అరగంట అందులో ఎక్కదు. అదంతా నా ఒంటి మీద ఎక్కుతుంది. ఆటో అడ్డం తిరిగితే నేను, బస్సు చటుక్కున ఆగితే నేను, రాంగ్ రూట్లో దూసుకొచ్చే స్కూటరాయన ప్రాణానికీ నేనే. ఊరవతల ఖాళీ రోడ్ల మీద తిరిగే ప్యాడ్‌లు ఇంకా పడుచుగా ఉండగానే నేను ముసలిదాన్నయ్యాను.

శ్రీశైలం అశ్రద్ధ మనిషి అనుకోకండి. టైర్లలో గాలి చూస్తాడు, అద్దాలు తుడుస్తాడు, అమావాస్య అమావాస్యకు బంపరుకు కొత్త నిమ్మకాయ, మిరపకాయలు కడతాడు. కంటికి కనబడేవాటిని మనుషులు బాగానే చూసుకుంటారు.

ఒక పొద్దున నా నాలుక పళ్లేనికి తగిలింది. కీచుమన్నాను. హమ్మయ్య, ఇక తెలుస్తుంది అనుకున్నాను. తెలిసింది కూడా. వెనక సీట్లో పిల్లలు నాలాగే కూసి నవ్వుకున్నారు. వాళ్ల అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపులో ఒకాయన, ఈ బండికి హారన్ దండగ, రెండు వీధుల ముందే తెలిసిపోతోంది అని రాశాడు. ఇంకొకామె, బండి మరీ పాతదా అని అడిగింది. శ్రీశైలానికి తల కొట్టేసినట్టయి నేరుగా షెడ్డుకు పోయాడు.

"అన్నా, గీ సప్పుడొకటి బంద్ చేసియ్యి. పిల్లలోళ్లు వేరే బండి సూసుకుంటమంటున్నరు."

ఆ రోజు షెడ్డు నిండా బండ్లు. సత్తన్న మీటరు చూశాడు, మార్చాల్సిన కిలోమీటర్లు ఇంకా కాలేదు. దుమ్ము చేరిందేమోలే అన్నాడు. పట్టకారుతో నా నాలుక పట్టుకుని పైకి వంచేశాడు. అవతలి చక్రంలోని నా చెల్లెలికీ అదే వైద్యం.

"అయిపాయె. ఇగ పెండ్లి కారు లెక్క పోతది పో," అన్నాడు.

పెండ్లి కారులాగే పోయింది. అందరికీ సంతోషం. నేను మాత్రం అరుగుతూనే ఉన్నాను, చెప్పే దారి లేదు. ట్రాఫిక్‌లో వేడెక్కి మాడు వాసన కొట్టాను. శ్రీశైలం మల్లెపూల సెంటు సీసా తెచ్చి అద్దం దగ్గర వేలాడదీశాడు. బ్రేకు కొంచెం లోతుకు దిగుతూ వచ్చింది. అతని కాలు రోజుకింత అలవాటు పడిపోయింది. ఏం అలవాటు చేసుకుంటోందో కాలికి తెలియదు కదా.

రజిత కాలికి మాత్రం నిమ్మళం లేదు. బండి ఆగాల్సిన ప్రతిచోటా, తన వైపు బ్రేకు లేకపోయినా, కింద పరిచిన మ్యాట్‌ని గట్టిగా తొక్కేది. ఎందుకని శ్రీశైలం నవ్వేవాడు. ఏమో అనేది ఆమె.

అత్తాపూర్ దగ్గర ముందున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. శ్రీశైలం తొక్కాడు. మిగిలిన బలమంతా పెట్టి పట్టుకున్నాను, కానీ నా ఒంటి మీద నల్లముద్ద ఎక్కడిది? ఇనుము ఇనుమును గీరింది. బండి జారి బస్సుకు తగిలింది. మెల్లగానే. బంపరు మీది నిమ్మకాయ నలిగింది, అంతే. కండక్టరు తల బయటపెట్టి నాలుగు తిట్టి పోయాడు. పిల్లలకు అదొక ఆట అయింది. రజిత చెయ్యి బిడ్డ తల మీద బిగుసుకుని ఉండిపోయింది.

పిల్లల్ని గేటు దగ్గర దింపాక ఆమె మళ్లీ బండెక్కలేదు.

"సప్పుడు పోయిందని మురిసినవ్ గదా బావా. ఏడ్సే పిల్ల ఏడుపు ఆపిందంటే కడుపు నిండిందా, గొంతు పోయిందా అని సూడొద్దా?"

"మీటర్ల ఇంక కిలోమీటర్లు ఉన్నయే..."

"మీటర్ల ఉన్నయ్. చక్రంల ఏమున్నదో సూపియ్యి. గప్పటిదాంక నేనెక్క, ఒక్క పిల్లనూ ఎక్కనియ్య."

అతను బండిని సందుల గుండా నడకలాగా నడిపించుకుని షెడ్డుకు తెచ్చాడు. ఆమె బిడ్డతో ఆటోలో వచ్చింది. సత్తన్న చక్రం విప్పి నన్ను బయటికి తీశాడు, బొటనవేలితో తడిమాడు. తగలడానికి ఇనుప పలక తప్ప ఏమీ లేదు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కెం ఆడేవాడు, ఈసారి నన్ను పక్కన పెట్టి అవతలి చక్రం కూడా విప్పాడు.

"గిట్ల ఇంకెవరి బండికన్న వంచినవా అన్నా?" అని రజిత అడిగింది.

సత్తన్న జేబులోంచి ఫోన్ తీశాడు.

"భిక్షపతి బండికి. గదే రోజు. రాజేంద్రనగర్ దిక్కు బడిపిల్లల ట్రిప్పులు కొడ్తడు. సప్పుడు పోయిందని మిఠాయి గూడ తెచ్చి పెట్టిండు."

ఫోన్ చేశారు. మోగింది, ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు భిక్షపతి ఫోన్ ఎత్తడట, అంత జాగ్రత్త గల మనిషట. మళ్లీ చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఈలోగా శ్రీశైలం బండికి కొత్త ప్యాడ్‌లు వేశారు. బడి విడిచే వేళయిందని వాళ్లు వెళ్లిపోయారు. భిక్షపతి ఏ బడికి తిప్పుతాడో తెలియక సత్తన్న చేతిలో ఫోన్ పట్టుకుని నొక్కుతూనే ఉన్నాడు. నన్ను షెడ్డు గుమ్మం పక్కన పాత సామాన్ల డబ్బాలో పడేశారు. ఇక్కడి నుంచి నాకు అన్నీ వినబడతాయి, కదలడం రాదు.

మీరు రాజేంద్రనగర్ దిక్కు ఉండేవాళ్లయితే ఒక్కసారి బయటికి వచ్చి చూడండి. ఆ రోజు షెడ్డులో మా పక్కనే నిలబడిన ముదురు నీలం కారు, వెనక అద్దం మీద తెల్ల పావురం బొమ్మ. భిక్షపతి అని పిలిస్తే పలుకుతాడు. బండి ఆపించండి, పిల్లల్ని కిందికి దింపించండి, చక్రం విప్పి చూపించుకొమ్మనండి. దాని చప్పుడు విని గుర్తుపడదామనుకుంటే కుదరదు. అది ఏ చప్పుడూ చేయదు. అందుకే, దయచేసి వెళ్లి చూడండి.