నున్నగా ఉండమంటే ఉండను

నేను ఒక చెక్కముక్కను. "ఓస్, అంతేనా?" అని మూతి తిప్పేవాళ్లు ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు, నాకేం నష్టం లేదు. ఉన్నవాళ్లు వినండి. కొండెక్కే లారీ దారిలో ఆగిపోతే, వెనక్కి దొర్లకుండా చక్రం వెనక ఒకటి దూరుస్తారే, ఆ అడ్డుచెక్కను నేను. ఎంత బరువున్న బండైనా సరే, నా మీదికొచ్చిందంటే నాదొకటే మాట. కదలను.

పుట్టింది నర్సీపట్నంలో, ఒక రంపపు మిల్లు వెనక. తుమ్మ మొద్దులో మిగిలిన ముక్కని వీరభద్రాచారి అనే వడ్రంగి ఏటవాలుగా కోశాడు. చిత్రిక పట్టి నునుపు చెయ్యాల్సింది, అన్నం వేళయిందని బద్ధకించి అలాగే వదిలేశాడు. ఒళ్లంతా గరుకు, పెచ్చులు, రంపం గీతలు. పక్కనున్న మంచం కోళ్లు నన్ను చూసి నవ్వుకున్నాయి. నవ్వుకోనీ. ఆ బద్ధకానికి ఈ రోజుకీ ఆచారికి దణ్ణం పెట్టుకుంటాను.

నన్ను మొదట కొన్నది ఒక బస్సు డ్రైవరు. పాడేరు ఘాటు రోడ్డులో ఒక మలుపు దగ్గర నన్ను చక్రానికి అడ్డం పెట్టాడు, రేడియేటర్లో నీళ్లు పోసుకున్నాడు, బస్సెక్కి చక్కా పోయాడు. నేను రోడ్డు మధ్యలోనే ఉండిపోయాను! మనుషులింతే. బండి ఆగేదాకా అడ్డు కోసం దేవులాడతారు, బండి కదిలాక ఆ అడ్డు ఎవరి కాలికి తగిలితే వాళ్లకేం? నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడొచ్చింది చిలకమ్మ. లారీ డ్రైవరు సన్యాసినాయుడి భార్య. క్లీనర్లెవరూ నిలవడం లేదని తనే మొగుడి పక్కన కూర్చుని ఘాటు ఎక్కుతుంది, దిగుతుంది. నన్ను చూసి లారీ ఆపించి దిగింది.

"ఎవుడో సచ్చినోడు రోడ్డు మీద ఒగ్గేసి పోనాడు మావా! ఏ మోటారుసైకిలోడో పడితే?" అంటూ నన్నెత్తి పనిముట్ల పెట్టెలో పడేసింది.

ఆ పెట్టెలో ఇద్దరు పెద్దమనుషులున్నారు. ఒకడు అయస్కాంతం, పాత స్పీకర్లోంచి ఊడదీసిన గుండ్రటి బిళ్ల. టైరు మార్చేటప్పుడు నట్లు దొర్లిపోకుండా వాడికి అతికిస్తారు. "నేను ముట్టుకోకుండానే లాగుతాను, నువ్వేం లాగుతావు?" అని నా మీద డాబు. లాగుతావు సరే, ఇనుము కనబడితేనేగా నీ ప్రతాపం! చెక్కను చూస్తే, రాయిని చూస్తే, టైరును చూస్తే ఎక్కడికి పోతుందయ్యా నీ బలం? రెండోవాడు గ్రీజు డబ్బా. తనుంటేనే చక్రాలు హాయిగా తిరుగుతాయని వాడి గర్వం. నిజమే, చక్రం లోపల రాపిడి తగ్గాలి, లేకపోతే వేడెక్కి అరిగిపోతుంది. కానీ అదే గ్రీజు రోడ్డు మీద ఒలికితే? ఆ మాట అడిగితే మూత బిగించుకునేవాడు.

మీ సైన్సు పుస్తకంలో నా బలానికి ఘర్షణ అని పేరు రాసుంటుంది. దాన్ని చదివి పరీక్షలో రాసి మర్చిపోయే ముందు ఒక్కసారి మీ కాళ్ల వంక చూసుకోండి. అడుగు వేసినప్పుడు మీ పాదం వెనక్కి జారిపోకుండా నేల పట్టుకుంటోంది, అందుకే ముందుకు పోతున్నారు. భూమి ప్రతిదాన్నీ కిందికే లాగుతుంది. లారీ ఏటవాలులో ఉంటే ఆ లాగుడులో కొంత దాన్ని వెనక్కి తోస్తుంది. నేను టైరుకీ రోడ్డుకీ మధ్య ఇరుక్కుని రెండిటినీ పట్టుకుంటాను. టైరు నన్నెంత నొక్కితే నా పట్టు అంత పెరుగుతుంది. నొక్కు, ఇంకా నొక్కు అంటాను. అయితే దీనికంతటికీ ఒకటి కావాలి, నా ఒంటి మీది గరుకు.

ఆ గరుకుకే ఎసరు పెట్టారు మహానుభావులు.

దసరా వచ్చింది. సన్యాసినాయుడు లారీని కడిగి, గౌరీసు అనే పెయింటర్ని పిలిచి వెనక తలుపు మీద రెండు నెమళ్లు వేయించాడు. డబ్బాలో ఎర్ర ఎనామిల్ కొంచెం మిగిలింది. నాయుడి కళ్లు నా మీద పడ్డాయి.

"పాపం, ఏడాదల్లా మనకోసం నలుగుతాది. దీన్ని కూడా ముస్తాబు సేసీ గౌరీసూ."

ఉప్పుకాగితంతో నన్ను రుద్దారు. పుట్టీ పూసి పగుళ్లన్నీ పూడ్చారు. పైనా కిందా రెండు పూతలు ఎర్ర రంగు, మధ్యలో తెల్ల తామరపువ్వు. వద్దురా నాయనా, వద్దురా అని మొత్తుకుంటే వినేదెవరు? పూజలో నాకు పసుపు, కుంకుమ, గుమ్మడికాయ పక్కన చోటు. "అద్దంలా ఉంది" అని అందరూ మెచ్చుకున్నారు. అద్దం చక్రాన్ని ఆపుతుందా అని ఒక్కరికీ తోచలేదు. భక్తి ఎక్కువై చేసిన పని కదా, తిట్టడానికి కూడా నోరు రాలేదు నాకు.

పండగ వెళ్లిన వారమే బియ్యం బస్తాలతో పాడేరు ఎక్కుతున్నాం. సన్నగా తుంపర. పెద్ద మలుపు దాటగానే లారీ కింద ఠంగుమని చప్పుడైంది. ఇంజను నుంచి వెనక చక్రాలను తిప్పే షాఫ్టు బోల్టులు ఊడి ఒక చివర వేలాడిపోయింది. ఇక గేరు వేసినా బండి నిలవదు. హ్యాండు బ్రేకు ఎప్పుడో అరిగిపోయింది. నాయుడు కాలిబ్రేకు తొక్కి పట్టుకుంటే, చిలకమ్మ పరుగున దిగి నన్ను వెనక చక్రానికి దూర్చింది. నాయుడు మెల్లగా కాలు తీశాడు. లారీ నా మీద వాలింది. ఆగింది.

నాయుడు స్పానర్లు పుచ్చుకుని లారీ కిందికి దూరాడు. అతని కాళ్లు రెండూ ముందు చక్రం వెనకే చాపి ఉన్నాయి.

అప్పుడు తెలిసింది నాకు. పట్టు దొరకడం లేదు! టైరు నొక్కుతోంది, నేను కరుచుకుందామంటే పళ్లేవి? నా ఒంటికీ రోడ్డుకీ మధ్య ఆ ఎర్రటి నునుపు, దాని కింద తడి. కిర్రుమంటూ జరిగాను. నా బతుకులో మొదటిసారి జరిగాను. సిగ్గుతో, కోపంతో చచ్చిపోయాను.

చిలకమ్మకి తడి రోడ్డు మీద ఎర్ర చార కనబడింది.

"మావా! బయటికొచ్చీ! బండి జారతంది!"

"సొక్కా ఇరుక్కుపోనాదే సిలకా, రాలేకపోతన్నాను!"

నేను మళ్లీ జరిగాను. ముందు చక్రం అతని మడమను తాకబోతోంది. చిలకమ్మ కేబిన్ ఎక్కి బ్రేకు తొక్కేలోపే చక్రం అతని మీదికెక్కేస్తుంది. రోడ్డు పక్కనున్న గరుకు ఇసుకని రెండు చేతులా తెచ్చి నా వెనక పోసింది. వెనక తలుపుకి వేలాడుతున్న గోనెసంచిని లాగి, మడిచి, ఆ ఇసుక మీద నాకు ఆనించి పరిచింది. నేను జారుతూ జారుతూ గోనె మీదికెక్కాను. ఆహా! గోనె పీచు, దాని కింద ఇసుక పలుకులు! రంగును చీల్చుకుని పలుకులు నా ఒంట్లో దిగబడ్డాయి. ఇప్పుడు రావే, ఇప్పుడు నొక్కు చూద్దాం అన్నాను లారీతో. నొక్కింది. నేను కదల్లేదు.

మా వెనకాల వచ్చిన, సంతకి పోయే జీపులోవాళ్లు దిగి రాళ్లు తెచ్చి మిగతా చక్రాలకి పెట్టారు. నాయుడు చిరిగిన చొక్కాతో బయటికొచ్చి రోడ్డు మీద కూలబడ్డాడు. చిలకమ్మ అతని కాళ్లు తడిమి చూసింది. రెండూ ఉన్నాయి. అప్పుడేడ్చింది.

షాఫ్టు బిగించే పని పూర్తయ్యాక చిలకమ్మ ఆ రాళ్లన్నీ పక్కకి తీయించి, నన్ను ఒళ్లో పెట్టుకుని ఇనుము కోసే హాక్సా బ్లేడుతో రంగు గీకడం మొదలెట్టింది.

"అయ్యో, తామరపువ్వే! బాగుండీది కదే" అన్నాడు నాయుడు.

"నీ పువ్వు తగలెయ్య! నువ్వుంటే సాలు నాకు" అంటూ నా కడుపు నిండా అడ్డంగా గాట్లు పెట్టింది. నొప్పా? ఆ రోజంత హాయి నాకెన్నడూ లేదు.

తర్వాత చాలా దసరాలొచ్చాయి. గౌరీసు డబ్బాతో వస్తే చిలకమ్మ నన్ను వెనక దాచేస్తుంది. టైరు తగలని మూల ఒక్క కుంకుమ బొట్టు, అంతే. ఇప్పుడు సగానికి అరిగాను, ఒక పక్క చీలింది. ఒకనాడు పొయ్యిలోకి పోతాను, పోనీ. గరుగ్గానే పోతాను.

నిన్న అదే మలుపులో లారీ మళ్లీ ఆగింది. నాయుడు కిందికి దూరబోతూ ఆగాడు.

"సిలకా, సెక్క సూసావా?"

"సూసాను. దూరు."

అయినా వంగి, నా గాట్ల మీద ఒకసారి చెయ్యి వేశాడు. అరచేతికి గరుగ్గా తగిలాను.

దూరు నాయనా. నీ బోల్టుల సంగతి నువ్వు చూసుకో. ఈ కొండ సంగతి నేను చూసుకుంటాను.