దాలమ్మ మేకలు

పులీ మేకా ఆటలో దాలమ్మ మొగుణ్ణి ఒక్కసారైనా ఓడించిందంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే న్యాయం, ఎప్పుడూ ఓడించలేదు మరి. సింహాచలం పులులే పట్టేవాడు. మేకలు ఆవిడకి వదిలేసేవాడు, అదేదో పెద్ద దానం చేసినట్టు.

ఆ పలక అతను చేసిందే. కోటబొమ్మాళి సంతకి బండి మీద పోతూ ఆడుకోవడానికి పనస చెక్క మీద గీతలు చెక్కి, గీతలు కలిసిన చోటల్లా బెజ్జం పెట్టాడు. బండి ఎంత కుదిపినా బెజ్జాల్లో కొయ్య చీలలు పడిపోకుండా నిలబడేవి. పొడుగాటి నల్ల చీలలు మూడూ పులులు, పొట్టి తెల్లవి మేకలు. పులి మేక మీంచి దూకి అవతలి ఖాళీ బెజ్జంలో దిగితే ఆ మేక చచ్చినట్టే. కదలడానికి దారి లేకుండా పులుల్ని కట్టేస్తే గెలుపు మేకలది. పులిని మాత్రం పలక మీంచి ఎవరూ తియ్యకూడదు.

చచ్చిన మేకని అందరూ పక్కన పెడతారు. సింహాచలం పంచె రొంటిన దోపుకునేవాడు. ఆట అయ్యాక దాలమ్మ చెయ్యి చాపి, "నా మేకల్ని నాకిచ్చీ బావా" అని బతిమాలాలి. అప్పటిగ్గానీ ఇచ్చేవాడు కాదు మహానుభావుడు.

పందొమ్మిదివందల అరవై ఏడులో ఊడ్పులప్పుడు పొలంలో కుప్పకూలాడు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కళ్లు తెరిచే ఉంటాయి, ఎవర్ని చూస్తున్నాయో తెలీదు. మనిషిని పోల్చుకుంటే కొంత ఆశ పెట్టుకోవచ్చన్నాడు నరసన్నపేట డాక్టరు. పోల్చడం లేదని ఊరంతా అంది. దాలమ్మ మొండిది, ఒప్పుకోలేదు. రోజూ పలక తెచ్చి అతని ముందు పెట్టేది.

కోతల నాడు ఎడంచెయ్యి కదిలింది. ఒక మేకని పీకి, మెల్లగా రొంటిన దోపుకున్నాడు.

దాలమ్మ పరుగున వాకిట్లోకొచ్చింది. తమ్ముడు జోగయ్యని పిలిపించింది.

"బావకి ఆట గుర్తున్నాది రా. నన్ను పోల్సినాడు. నువ్వే సూడు."

పులి ముందు మేకని నిలబెట్టి, అవతల బెజ్జం ఖాళీగా ఉంచింది. సింహాచలం చెయ్యి చాపి మేకని పీకాడు, దోపుకున్నాడు. పులి ఉన్నచోటే ఉంది.

"దూకించడం మరిసిపోయినాడంతే," అని దాలమ్మ తనే పులిని జరిపింది.

జోగయ్య కళ్లు చెమర్చాయి. "నిజమేనే అక్కా! బాగయిపోతాడే!"

చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి నల్ల చీల మీద పడింది.

"అది నీ పులి బావా," అంది దాలమ్మ. "అది తియ్యకూడదు."

తీశాడు. దోపుకున్నాడు. తరవాత రెండోది, మూడోది. ఆనక మిగిలిన మేకలు. పలక ఖాళీ అయ్యాక, అంచు మీదున్న దాలమ్మ వేలు పట్టుకుని, అదీ పీకబోయాడు.

జోగయ్య తల దించుకున్నాడు. ఆశంటూ ఉంటే అది ఆ వేలి దగ్గరే పోయింది.

దాలమ్మ అలవాటు కొద్దీ రెండో చెయ్యి చాపింది. "నా మేకల్ని నాకిచ్చీ బావా."

అతను గోడకేసి చూస్తున్నాడు. ఎంతసేపు చాపినా అంతే. చివరికి తనే వంగి, రొంటిలోంచి ఒక్కొక్కటే తీసుకుంది, పులులతో సహా. అతను అడ్డుపెట్టలేదు. బతిమాలకుండానే మేకలు చేతికొచ్చినందుకు దాలమ్మ భోరుమని ఏడ్చింది.