లాల్ బీ కూర్చునే సీటు

ఒక వస్తువుకు బదులు వాడే వస్తువు చవకైతే మొదటిదానికి డిమాండు తగ్గుతుందని హాలియా జూనియర్ కాలేజీలో ఏటా చెప్తాను. టీ, కాఫీ ఉదాహరణ ఇస్తాను. మా ఊరి ముజఫ్ఫర్ ఆటో పేరెత్తడానికి మాత్రం నోరు రాదు.

ముజఫ్ఫర్ మా ఊరి నుంచి హాలియాకు షేర్ ఆటో నడుపుతాడు. ఖాళీ ఆటో ఎవరూ ఎక్కరు, నిండేదాకా అది కదలదని అందరికీ తెలుసు. అందుకే వాళ్ళమ్మ లాల్ బీ పొద్దున్నే సంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేది. ఆమెను చూసి ఒకరు, ఆ ఇద్దరినీ చూసి ఇంకొకరు ఎక్కేవారు. మిగతా సీట్లు నిండగానే, "అయ్యో, ఇంట్ల పనున్నది బిడ్డా, మర్శేపోయిన" అంటూ దిగిపోయేది. ఊరందరికీ తెలిసిన నాటకమే. అయినా రోజూ నవ్వుకుంటూ ఎక్కేవాళ్ళం.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఆ నవ్వు పోయింది. నేనూ బస్సే ఎక్కుతున్నాను. నా జీతానికి ఆటో కిరాయి ఒక లెక్కా? అయినా ఊరికే వచ్చేదాన్ని వదులుకోబుద్ధి కాలేదు. లాల్ బీ మాత్రం ఆటోలోనే కూర్చుని, బస్సెక్కే మమ్మల్ని చూసి మొహం తిప్పుకునేది. ఆమె కోపంలో న్యాయముంది. "ఈ నెల గూడ గిట్లనే ఉంటే బండి అమ్ముడే మేడం" అని ముజఫ్ఫర్ ఓసారి నాతో అన్నాడు.

మొన్న సోమవారం లాల్ బీ కాళ్ళు వాచాయి. హాలియా దవాఖానకు పోవాలి. ఆటోలో ఆమె తప్ప ఎవరూ లేరు. ఇంతలో బస్సొచ్చింది, నేనెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ముజఫ్ఫర్ తల్లి రెక్క పట్టుకుని ఆటో దింపాడు.

"బస్సుల పో అమ్మీ. నీ ఒక్కదానికోసం డీజిల్ కాల్చలేను."

"బస్సులనా? నేనా?"

"మేడం ఉన్నది గద. జర దవాఖాన కాడ దింపుతది."

ఆ మాట నా వైపు చూడకుండా అన్నాడు. ఆమె సంచి పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. కండక్టర్ ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చేతిలో పెట్టాడు.

బస్సు కదిలింది. వెనక నుంచి ముజఫ్ఫర్ కేక వినిపించింది.

"హాలియా! హాలియా! ఒక్కరొస్తే కదులుడే!"

లాల్ బీ ఉలిక్కిపడి లేచింది.

"ఆపుమను బిడ్డా. బండ్ల ఎవలు కూసోలేదు. నేను లేకుంటే ఎవలెక్కుతరు?"

కండక్టర్ నా మొహం చూశాడు. ఆపమంటే ఆపేవాడే. దవాఖానలో డాక్టరు వెళ్ళిపోతాడని చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నిజానికి నాకు తొమ్మిదిన్నరకు క్లాసుంది.